వట్టి చేతుల పోరు – ఆఖరి పాఠం



ఆయుధం పట్టినవాణ్ణి వట్టి చేతులతో ఎదుర్కోవడం మన దేశంలో పాత విద్యే. కేరళ కలరిపయట్టులో ముందు శరీర సాధన, తర్వాత కర్ర, ఆ తర్వాత కత్తి, బల్లెం నేర్పుతారు. వట్టి చేతుల పోరు, అంటే వెరుంకై, అన్నిటికన్నా ఆఖరి పాఠం. ఇందులో పెద్ద అర్థముంది. కత్తి ఎలా తిరుగుతుందో, ఎంత దూరం అందుతుందో చేత్తో పట్టి నేర్చినవాడే దాని ముందు వట్టి చేతులతో నిలబడగలడు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ విద్యను పోలీసులకు, సైన్యాలకు నేర్పినవారిలో విలియం ఫెయిర్‌బెయిర్న్ ముఖ్యుడు. షాంఘై పోలీసులో పనిచేస్తూ జుజుట్సు నేర్చుకుని, 1926లో 'డిఫెండు' అనే పుస్తకం వేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ కమాండోలకు శిక్షణ ఇచ్చాడు. అదే మనిషి సైక్స్ అనే సహచరుడితో కలిసి కమాండోలకు బాకు కూడా తయారుచేయించాడు. వట్టి చేతులే చాలని ఆయనా అనుకోలేదన్నమాట.

ఇక మన కాలం మాట. 1996 నాటి భారత్-చైనా ఒప్పందం ప్రకారం వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపకూడదు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులు మేకులు దిగ్గొట్టిన రాడ్లతో మీదపడ్డారు. మనవాళ్ళు తూటా పేల్చకుండానే కలబడ్డారు. 16 బిహార్ కమాండింగ్ ఆఫీసర్, మన సూర్యాపేట బిడ్డ, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివిన కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది వీరమరణం పొందారు. ఆయనకు 2021లో మరణానంతరం మహావీర్ చక్ర ప్రకటించారు. తుపాకుల కాలంలో కూడా చేతి పోరు పాతబడలేదని ఆ రాత్రి తెలిసింది. పోస్టు వదలకూడదనే వాళ్ళు నిలబడ్డారు.

నేను ఉంటున్న సూరత్ డిండోలి వైపు తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ కుర్రాళ్ళు "అంకుల్, ఎదుటోని చేతిల కత్తి ఉంటే ఎట్ల గుంజుకోవాలె?" అని అడుగుతుంటారు. అంతా సినిమాల్లో చూసిందే. నేను చెప్పేది ఒకటే. దారి ఉంటే పరుగెత్తు. అడిగింది పర్సో, ఫోనో అయితే ఇచ్చెయ్యి. దారి లేకపోతే సంచీ, కుర్చీ, ఏది దొరికితే అది అడ్డం పెట్టు. ఏదీ లేకపోతేనే కత్తి పట్టిన చేతిని రెండు చేతులతో పట్టు. తెగుతుందని తెలిసే పట్టు, సందు దొరకగానే తప్పుకో. ఇది పిరికితనం కాదు. సైనికుడికి డ్యూటీ ఉంది, నిలబడతాడు. ఇంటికి చేరాల్సిన కుర్రాడికి ఆ డ్యూటీ లేదు.

మన సభ్యులు తమ ఊళ్ళలో పిల్లలకు పట్లు నేర్పేముందు ఈ మాట నేర్పాలని నా మనవి. జై హింద్.