కోరంగిలో ఆగిన ఓడ

గోదావరి పాయ సముద్రమున కలియుచోట, యానాముకు దాపున, కోరంగి యను గ్రామము కలదు. మడ అడవులను, పక్షులను చూచుటకు నేడు జనులచ్చటికి పోవుచుందురు. రెండువందల యేండ్ల క్రిందట అది పేరుమోసిన ఓడరేవు. ఓడలు కట్టువారు, దెబ్బతిన్న ఓడలను బాగుచేయువారు అచ్చట కాపురముండిరి. బర్మాలోను మారిషస్‌లోను తెలుగువారికి కోరంగులను పేరు వచ్చినది ఈ రేవు మూలముననే. 1812 సెప్టెంబరు మొదటివారమున గిలెస్పీ అను ఓడ యొకటి తుపానులకు చితికి, అడుగున నీరు చొరబడుచుండగా, తప్పనిసరియై ఈ రేవుకు చేరినది. అందు అమెరికాదేశపు దంపతు లిద్దరుండిరి. భర్త పేరు శామ్యూల్ న్యూయెల్. భార్య హారియెట్. ఆమెకు పందొమ్మిదవ యేడింకను నిండలేదు. నిండు గర్భిణి, దానిపై జబ్బుపడి నీరసించియున్నది.

అమెరికానుండి విదేశములకు బయలుదేరిన మొదటి క్రైస్తవ ప్రచారకుల బృందములో ఈ దంపతులు చేరినవారు. హారియెట్ 1793లో మాసచూసెట్స్ రాష్ట్రమున హేవర్‌హిల్ అను ఊర జన్మించినది. తండ్రి క్షయరోగముతో మరణించెను. ఈ మాట మనస్సునందుంచుకొనవలెను. బ్రాడ్‌ఫర్డ్ పాఠశాలలో చదువుకొనుచున్నప్పుడే ఆమెకు దైవభక్తి కుదురుకొనినది. విదేశములకు ప్రచారకులను పంపుటకై 1810లో అమెరికన్ బోర్డు అను సంఘ మేర్పడెను. అందు చేరిన యువకుడు శామ్యూల్ తన్ను వివాహమాడుమని కోరినప్పుడు, విధవరాలగు తల్లి కూతురిని ఆపలేదు, పంపనూలేదు. నిర్ణయము నామెకే విడిచినది. చిన్న వయసు పిల్లపై మోపిన భారమది. 1812 ఫిబ్రవరి 9న వివాహము. పది దినములకే, ఫిబ్రవరి 19న, సేలం రేవునుండి క్యారవాన్ అను ఓడ కదలినది. అదే ఓడలో అడొనిరామ్ జడ్సన్, ఆయన భార్య ఆన్ కూడ నుండిరి. ఆన్, హారియెట్ ఒకే పాఠశాలలో చదివిన స్నేహితురాండ్రు.

నాలుగు మాసముల ప్రయాణము తరువాత, జూన్ 17న, వారు కలకత్తా చేరిరి. శ్రీరాంపురమున విలియం కేరీ మొదలగువారు వారిని ఆదరించిరి. కాని ఈస్టిండియా కంపెనీ వారి ఆదరణ వేరు విధముగా నుండెను. 1806లో వేలూరు సిపాయిల తిరుగుబాటు జరిగిననాటినుండి, మతవిషయమున ఎవరేమి కదల్చినను దేశము రగులునను భీతి కంపెనీ అధికారులను వదలలేదు. పైగా ఆ వేసవిలోనే అమెరికాకును ఇంగ్లాండుకును యుద్ధము ప్రారంభమైనది. ప్రచారకులు వచ్చిన ఓడమీదనే వెనుకకు పోవలెనని ఉత్తరువైనది. వారు బతిమాలుకొని, ఫ్రెంచివారినుండి బ్రిటిషువారు 1810లో గెలుచుకొనిన మారిషస్ ద్వీపమునకు పోవుటకు అనుమతి సంపాదించిరి. అటు పోవు గిలెస్పీలో ఇద్దరికే చోటు దొరికెను. ప్రసవమునకు ముందే హారియెట్‌ను ఒక స్థిరమైన చోటికి చేర్చవలెనను తలంపుతో న్యూయెల్ దంపతులు ముందు బయలుదేరిరి. జడ్సన్ దంపతులు నిలిచిపోయిరి.

బయలుదేరినది ఆగస్టు 4. తూర్పుతీరమున నివసించు శ్రోతలకు ఈ తేదీ యొక్కటి చాలును. నైరుతి ఋతుపవనము బలముగా వీచు కాలమది. హుగ్లీ ముఖమునుండి దక్షిణమునకు పోదలచిన తెరచాప ఓడ గాలికి ఎదురీదవలెను. నేడైనచో వాయుగుండము తీరము చేరకముందే రేవులలో ప్రమాదసూచిక లెత్తుదురు, మేము రేడియోలో పదే పదే హెచ్చరింతుము. ఆనాటి నావికునికి ఆకాశమే సూచిక. గిలెస్పీ ఇంచుమించు ఒక మాసము బంగాళాఖాతములోనే అటునిటు కొట్టుకొనినది. ఈ యవస్థకు దైవమును తలచినవారు హారియెట్ చరిత్రకారులు. కంపెనీ ఉత్తరువును తలచుట న్యాయమని నా యభిప్రాయము. గర్భిణి తనంత తానుగా ఎంచుకొనిన కాలము కాదది.

కోరంగిలో ఓడ మరమ్మతు సాగుచుండగా సుమారు రెండువారములు వారు నిలిచిరి. కదలని నేల మీద నిదుర, మంచినీరు, అలల కుదుపు లేని దినములు. హారియెట్ కొంత కోలుకొన్నది. తరువాత శామ్యూల్ ఆమె తల్లికి వ్రాసిన దీర్ఘలేఖలో కోరంగికి దొరికిన చోటు స్వల్పము. ఆ లేఖ ఆధారముగా వెలసిన చరిత్రలలో అదియు కుదించుకుపోయినది. కాని ఆ ప్రయాణమంతటిలో ఆమె యారోగ్యము మెరుగైనది ఈ తెలుగు రేవులోనే. ప్రసవమువరకు అచ్చటనే యుండిన ఎట్లుండెడిదో యని చదువరికి తోచక మానదు. ఉండుటకు వీలులేదు, అదియు కంపెనీ భూమియే.

సెప్టెంబరు 19న ఓడ మరల సముద్రమెక్కినది. అక్టోబరు 8న, తీరమునకు ఎంతో దూరమున, ఓడగదిలో హారియెట్ ఆడపిల్లను ప్రసవించినది. మంత్రసాని లేదు, వైద్యుడు లేడు, తోడు మరియొక స్త్రీ లేదు. పురిటికి నీళ్లందించినవాడు, బిడ్డను చేతులలోనికి తీసుకొన్నవాడు భర్తయే. దేవుని సేవకై వేదశాస్త్రము చదివి, ప్రసంగములు నేర్చి వచ్చిన ఆ యువకుని కెవ్వరును నేర్పని విద్య యది. నాలుగు దినములు గడచెను. పిమ్మట గాలివాన పట్టినది. తడికి, చలికి బిడ్డకు జలుబు చేసి, అయిదవనాటి సాయంకాలమునకు కన్నుమూసినది. కొద్ది దినములకు ముందే తల్లికి పందొమ్మిది నిండినవి.

అటుపిమ్మట దగ్గు మొదలైనది. తండ్రిని చూచిన కూతురు గనుక హారియెట్ తన రోగమేదో తానే గుర్తించినది. క్షయకు కారణమగు సూక్ష్మజీవిని కోఖ్ పండితుడు కనుగొనినది 1882లో. దానిపై పనిచేయు మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ వచ్చినది 1940లలో. లోన దాగియున్న క్షయ ప్రసవానంతరమున విజృంభించుట వైద్యు లెరిగినదే. ఓడలోని చెమ్మ, ఉప్పుమాంసపు తిండి, పుత్రశోకము దానికి తోడైనవి. నవంబరు మొదట్లో పోర్టులూయిస్ చేరునాటికి చేయగలిగినదేమియు మిగులలేదు. వైద్యులు వచ్చి చూచిరి. భర్త ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకొని, తానే వంటవాడును, పరిచారకుడును అయ్యెను. దేశము విడిచి వచ్చినందుకు విచారము లేదని తన వారికి తెలుపుమని ఆమె అతనితో చెప్పినది. 1812 నవంబరు 30, సోమవారమునాడు హారియెట్ మరణించినది. ఎవరికిని బోధ చేయలేదు, ఒక్క బడియైనను పెట్టలేదు.

ఆశ్చర్యమేమనగా, ఏ పనియు చేయకయే ఆమె ఎంతో ప్రసిద్ధురాలైనది. 1814లో బోస్టనులో వెలువడిన ఆమె జీవితచరిత్ర ముద్రణమీద ముద్రణగా చెల్లినది. అది చదివి విదేశయాత్రకు సంసిద్ధులైన బాలికలనేకులు; ఆమె పేరు పెట్టుకొనిన బిడ్డలనేకులు. ఆ పుస్తకములు ఆమెను దేవకన్యగా చేసినవి. దినచర్యలో మాత్రము ఆమె ఇల్లు తలచుకొని బెంగపడిన బాలిక. నాకు ఆ బాలికయే ప్రియము. ప్రచారకులకు భారతదేశమున ద్వారము తెరచిన చార్టరు చట్టము, 1813లోనే వచ్చినది. శామ్యూల్ సింహళముమీదుగా బొంబాయి చేరి, కొంతకాలము పనిచేసి, 1821లో కలరా సోకి అచ్చటనే మరణించెను.

జడ్సన్ దంపతులు 1813 జనవరి 17న పోర్టులూయిస్ చేరిరి. స్నేహితురాలిని చూడవచ్చునని ఉవ్విళ్లూరిన ఆన్‌కు ఓడలోనే ఆ వార్త తెలిసినది. ఆమెయు అప్పటికి గర్భవతి. వేసవిలో వారు మద్రాసుకు వచ్చిరి. అచ్చటను కంపెనీ భయమే. రంగూనునకు పోవు జార్జియానా అను ఓడ యొక్కటే సిద్ధముగా నుండెను. జూన్ 22న ఎక్కిరి. ఆన్‌కు తోడుగా మద్రాసులో కుదుర్చుకొనిన దాది ఓడ కదలిన కొద్దికాలమునకే హఠాత్తుగా పడి మరణించినది. తరువాత ఆన్ సముద్రముమీదనే మృతశిశువును ప్రసవించి, తానును చావు అంచువరకు పోయినది. జూలై 13న ఓడ రంగూను చేరినది. ఆన్ నడువలేకపోయినందున కూలీలు ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి మోసికొని ఒడ్డున దింపిరి.