ప్రతిపాదన 13 (కాలిఫోర్నియా)

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆస్తిపన్నుకు కళ్లెం వేసిన రాజ్యాంగ సవరణ. 1978 జూన్ 6న ఓటర్లే నేరుగా ఆమోదించారు. అంతకుముందు బడుల ఖర్చులో పెద్ద వాటా స్థానిక ఆస్తిపన్నుదే. ఖరీదైన ఇళ్లున్న ఊరి బడికి డబ్బు దండిగా అందేది, పేద ఊరి బడికి అరకొరగా. ఈ తేడా సమానత్వానికి విరుద్ధమని రాష్ట్ర సుప్రీంకోర్టు సెరానో కేసులో 1971లో చెప్పి, 1976లో ఖాయం చేసింది.

సవరణ ప్రకారం మూల పన్ను మదింపు విలువలో 1 శాతం దాటకూడదు. ఆ విలువ ఏటా 2 శాతానికి మించి పెరగదు. సాధారణంగా ఇల్లు చేతులు మారినప్పుడు మార్కెట్ ధరకు చేరుతుంది. దాంతో గోడకు గోడ ఆనుకున్న రెండు ఒకేలాంటి ఇళ్లలో, 1975లో కొన్న పెద్దాయన కట్టేదానికి మొన్న కొన్న పక్కింటివారు ఎన్నో రెట్లు కడతారు. ఇంటి యజమానులకు ఊరట నిజమే, న్యాయమని మాత్రం అనలేం.

ఆస్తిపన్ను రాబడి తగ్గడంతో బడుల భారం రాష్ట్ర ఖజానాపై, అంటే ప్రధానంగా ఆదాయపు పన్ను, అమ్మకపు పన్నులపై పడింది. మాంద్యం వస్తే ముందు కుదేలయ్యేవి అవే. 1988లో ప్రతిపాదన 98 బడులకు కనీస కేటాయింపును ఖాయం చేసింది. 2013 నుంచి పేద పిల్లలు, ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలు ఉన్న పాఠశాల జిల్లాలకు అదనపు నిధులిస్తున్నారు. పాఠశాల బోర్డు స్థానికంగా పార్సెల్ పన్ను (ఒక్కో స్థలంపై వేసే పన్ను) ప్రతిపాదిస్తే, అది నెగ్గడానికి మూడింట రెండొంతుల ఓట్లు కావాలి.