నంబరు పడిన మా మల్లి

మొన్న మా అమ్మాయి ఫోన్‌లో ఒక ఆవును చూపించింది. బ్రెజిల్‌ది, పేరు వియాటినా-19. 2023లో దాంట్లో మూడో వంతు వాటాను వేలం వేస్తే, ఆ లెక్కన ఆవు మొత్తం విలువ 43 లక్షల డాలర్లని తేలిందట. బరువు 1,100 కిలోల పైమాటే. "అవ్వా, ఇది మన ఒంగోలు జాతేనంట" అంది. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "మూపురం బాగుండాది. పాలన్నీ దూడకేనా, ఇంట్లోకి ఏమన్నా ఇస్తారా?" అని అడిగింది.

నాకు నవ్వొచ్చింది కానీ, ఆ ప్రశ్న వెనకాల ఒక పాత గొడవ ఉంది.

మా పుట్టినిల్లు గిద్దలూరు దగ్గర పల్లె. నేనుండేది నంద్యాల. మధ్యలో నల్లమల. 1970లో ప్రకాశం జిల్లా పుట్టేదాకా గిద్దలూరు, కంభం, మార్కాపురం కర్నూలు జిల్లాలోనే ఉండేవి. మా జేజి చివరిదాకా "మాది కర్నూలు జిల్లా" అనే చెప్పేది. జిల్లాల పేర్లు మారినట్టే పశువు పేరూ మారింది. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి, ఆ కాలంలో సముద్రం దాటిన పశువులు 'నెల్లూరు' పశువులయ్యాయి. బ్రెజిల్‌లో ఇప్పటికీ 'నెలోర్' అనే అంటారు.

మా ఇంట్లో పాలు అమ్మడం జేజినాయన కాలంలో లేదు. అమ్మింది కోడెలను. నంద్యాల, కోయిలకుంట్ల వైపు నల్లరేగడికి చిన్న ఎద్దులు చాలవు. కె.సి. కాలువ కింద రైతులు అడవి దాటి వచ్చి మంచి జత కోసం వెతుక్కునేవాళ్ళు. రెండేళ్ళు మేపిన జత అమ్మితే ఒక పెళ్ళి ఖర్చు చేతికొచ్చేది. మా పెద్దమేనత్త పెళ్ళి అట్లే జరిగింది.

కోడె బలంగా ఎదగాలంటే దూడప్పుడు పాలు బాగా తాగాలి. అందుకే జేజి ఒక కట్టుబాటు పెట్టింది. కోడెదూడ పుడితే పొదుగులో రెండు చన్నులు దూడవి, రెండు ఇంటివి. ఒంగోలు ఆవు అసలే పెద్ద పాడి పశువు కాదు. ఈతకు సగటున 800 కిలోల పాలు. అందులో సగం దూడకు పోతే ఇంట్లో ఏడుగురు పిల్లలకు మిగిలేది ఎంతో మీరే లెక్కేసుకోండి. కొత్త కోడలుగా వచ్చిన మా అమ్మకు ఇది మింగుడుపడలేదు. "దూడకు చిక్కటి పాలు, నా బిడ్డలకు నీళ్ళ మజ్జిగ" అని వంటింట్లో సణిగేదట. జేజి వినీ విననట్టు ఊరుకునేదట. నాకూ ఆ నీళ్ళ మజ్జిగ గుర్తుంది. జేజి మీద కోపంగానే ఉండేది.

ఇక తండ్రి వైపు సంగతి. పనికిరాని మగవాణ్ణి మనం 'అచ్చోసిన ఆంబోతు' అని తిడతాం కదా, నేనూ మా తమ్ముణ్ణి చాలాసార్లు తిట్టాను. నిజానికి ఆ ఆంబోతే ఊరి సంతతికి ఆధారం. ఇంట్లో పెద్దవాళ్ళు పోతే వాళ్ళ పేరు మీద మంచి కోడెను ఏరి, అచ్చు వేసి దేవుడి పేరిట వదిలేవాళ్ళు. అది ఎవరి చేలో పడి మేసినా కొట్టరు. ఒక్క ఇల్లు మేపలేని పశువును ఊరంతా మేపిందన్నమాట. తర్వాత్తర్వాత ఖర్చుకు వెనకాడి నాసి కోడెలను వదలడం మొదలయ్యాక ఆ పద్ధతి చెడింది.

నా చిన్నప్పుడు ఒంగోలులోని కేంద్ర పశు నమోదు కార్యాలయం నుంచి మనుషులు వచ్చారు. గంగడోలు, మూపురం, కొమ్ములు చూసి, పాలు కొలిచి, మా మల్లికి నంబరు వేశారు. కార్డులో యజమాని అని జేజినాయన పేరు. మల్లి తల్లెవరని అడిగితే ఆయన జేజి వైపు చూశాడు. జేజి తలుపు చాటు నుంచే ఐదు తరాల తల్లులు చెప్పింది, ఏది ఏ కరువులో ఈనిందో సహా. కార్డులో అంత చోటు లేదు.

బ్రెజిల్ వాళ్ళు ఆ చోటే పెద్దది చేసుకున్నారు. 1868లో ఇంగ్లండు పోయే ఓడలోని ఒక జత సాల్వడార్ రేవులో అమ్ముడుపోయింది. 1878లో లెమ్‌గ్రూబర్ అనే ఆయన జర్మనీలో హాంబర్గ్ జూ నుంచి మరికొన్ని కొన్నాడు. ఆ వంశాన్ని ఇప్పటికీ ఆ ఇంటిపేరుతోనే పిలుస్తారు. 1938లో వంశావళి పుస్తకం తెరిచారు. 1960ల మొదట్లో ఒంగోలు పక్కన కరవది నుంచి తీసుకుపోయిన ఆంబోతుకు ఊరిపేరే పెట్టుకున్నారు. కాకపోతే వాళ్ళకు కావలసింది మాంసం. జేజికి ఈ సంగతి తెలిస్తే ఏమనేదో!

మన దగ్గర ట్రాక్టర్లు వచ్చాక కోడెలను అడిగేవాళ్ళు తగ్గారు. పాలకేంద్రం వచ్చాక సంకరజాతి ఆవులు ఇంటికొచ్చాయి. 2002 కరువులో జొన్నచొప్ప దొరక్క నాన్న మల్లి సంతతిలో మూడింటిని ఒకే వారం అమ్మేశాడు. కొన్నవాళ్ళు కార్డు ఊసే ఎత్తలేదు. ఒక్క పడ్డ మిగిలింది. దాన్ని అమ్మనియ్యకుండా అడ్డం పడింది ఎవరనుకున్నారు? నీళ్ళ మజ్జిగకు సణిగిన మా అమ్మే.

ఇప్పుడు తమ్ముడి కొట్టంలో ఐదు సంకరజాతివి, ఆ పడ్డ మనవరాలు ఒకటి. మొదటి ఐదు ఇంటిని నడుపుతున్నాయి, దాంట్లో అబద్ధం లేదు. చివరిది చూడిగా ఉంది. బనగానపల్లె నుంచి బండలాగుడు పోటీల ఎద్దులు పెంచేవాళ్ళు వచ్చి బేరం పెట్టారు. మంచి ధరే. "దానికి పెట్టే మేతకు ఇంకో పాలావు వస్తుందక్కా" అంటాడు తమ్ముడు. వాడు చెప్పేదీ న్యాయమే. అమ్మ మాత్రం "ఈననీ, చూద్దాం" అని ఫోన్ పెట్టేసింది.

ఆ రాత్రి నోటుబుక్కులో గీతలు కొట్టి, అమ్మ చెప్తుంటే తల్లుల పేర్లు రాసుకున్నాను. మల్లి, దాని తల్లి గౌరి, గౌరి తల్లి సుడావు. ఆ పైది ఏదో అమ్మకు తట్టలేదు. కంభంలో ఉన్న చిన్నమేనత్తకు ఫోన్ చేస్తే, సుడావు గౌరి తల్లి కాదు, అక్క అంది. ఇద్దరూ అరగంట వాదించుకున్నారు. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.