ఇంగ్లండు పోర్చుగలుల మైత్రి

సముద్రము నడుమనుండ రెండు రాజ్యముల స్నేహము ఆఱువందల యేండ్లకు మించి నిలుచుట చరిత్రయం దరుదు. ఇంగ్లండు పోర్చుగలుల మైత్రి యట్టిది. 1373లో మొదటి సంధియు, 1386లో విండ్సరు సంధియు జరిగినవి. మఱుసటి యేట ఆంగ్లరాజవంశపు కన్యయగు ఫిలిప్పాను పోర్చుగలు రాజగు మొదటి జాను పెండ్లాడెను. సముద్రయానములను ప్రోత్సహించి ప్రసిద్ధికెక్కిన హెన్రీ యీ దంపతుల కుమారుడు.

ఈ మైత్రి యింతకాల మేల నిలిచెను? ఇరువురకు నవసర ముండుటచేతనే. పోర్చుగలు చిన్నదేశము, దాని ప్రక్కనే బలవంతమగు స్పెయిను కలదు. ఇంగ్లండునకు రేవులును వర్తకమును కావలసియుండెను. 1580 మొదలు 1640 వఱకు స్పెయిను రాజే పోర్చుగలునకును రాజైయుండగా సంధి మూలబడెను. స్వాతంత్ర్యము మరల లభించినపిమ్మట పోర్చుగలు పాతమిత్రునే యాశ్రయించెను. ఆంగ్లసైనికులు దాని పక్షమున పోరాడిరి. 1668లో స్పెయిను దాని స్వాతంత్ర్యము నంగీకరించెను. 1807లో ఫ్రెంచిసేనలు దండెత్తి వచ్చినపుడు పోర్చుగలు రాజకుటుంబము ఆంగ్లనౌకల రక్షణలో బ్రెజిలునకు తరలిపోయెను. 1943లో ఆ ఋణము తీర్చుచున్నట్లు, పోర్చుగలు తన అజోర్సు దీవులలో ఆంగ్లేయులకు యుద్ధసౌకర్యముల నొసగెను. నాడు చర్చిలు పార్లమెంటులో 1373 నాటి సంధినే పేర్కొనెను.

ఇంతవఱకు మెచ్చదగినదే. కాని యీ స్నేహమునకు వెల యెవరు చెల్లించిరి? 1662లో రెండవ ఛార్లెసు పోర్చుగలు రాకుమార్తెయగు కేథరినును వివాహమాడినపుడు బొంబాయి అరణముగా నీయబడెను. ఆఱేండ్లకు ఏటికి 10 పౌనుల యద్దెపై అది ఈస్టిండియా కంపెనీ వశమయ్యెను. అచ్చటి ప్రజల యిష్టము నడిగినవారు లేరు. 1890లో ఆఫ్రికాయందు అంగోలా మొజాంబిక్కుల నడుమ భూములకై మిత్రులిద్దఱును వివాదపడిరి. బలవంతుడగు ఇంగ్లండు బెదిరింపగా పోర్చుగలు వెనుదీసెను. ఆ నేల తమదైన ఆఫ్రికావాసులు లెక్కకు రాలేదు.

1961లో భారతసేన గోవాలో ప్రవేశించినపుడు పోర్చుగలు పాతసంధిని జ్ఞప్తికి దెచ్చెను. కామన్‌వెల్తు సభ్యదేశమగు భారతముతో యుద్ధమునకు ఇంగ్లండు సమ్మతింపలేదు. ఒకనాడు అరణముగా నిచ్చి పుచ్చుకొనబడిన నేల యిపుడు స్వతంత్రదేశమై, తన మాట తానే చెప్పుకొనగలిగెను. పోర్చుగలువారి కది మిత్రద్రోహముగా తోచినను, మూడవవాని హక్కును త్రొక్కి స్నేహధర్మము నెఱవేర్చుట న్యాయము కాదు.

ఆపదలో నాదుకొనునది మంచి మైత్రియే. అన్యుల సొమ్ముతో ఋణము తీర్చుకొనని మైత్రి యంతకంటె మంచిది. ఈ భేదమును ఇండ్లయందు మన మెఱుగుదుము. రాజ్యములును దీనిని నేర్వవలెనని మా తలంపు.