354 పేర్లు, మా అల్మారా

జల్‌పల్లిలో మా పక్కింటి పాప తొమ్మిదో తరగతి చదువుతుంది. ఇంట్లో ఉర్దూ, బళ్ళో తెలుగు, ఇంగ్లీషు. ఓ ఆదివారం మా పుస్తకాల అల్మారా ముందు నిలబడి అడిగింది: "భాయ్, వీటిల్ల మన దిక్కోళ్ళు రాసినవి ఏవి?"

పుస్తకాల గురించి అప్పుడప్పుడూ రాస్తుంటాను కాబట్టి నాకు ఏదో తెలుసనే ధీమా ఉంది. ఆ పూట అది కాస్త సడలింది. రాజమండ్రి, విజయనగరం, మద్రాసు టకటకా నోటికొచ్చాయి. పహాడీ షరీఫ్ గుట్ట, జల్‌పల్లి చెరువు, చార్మినార్, వాటి చుట్టూ ఉన్న తెలంగాణ అనేసరికి తడుముకున్నాను. పుస్తకాలు లేక కాదు. ఆ వరసలో ఎప్పుడూ సర్దుకోలేదు.

ఇదే ప్రశ్న తొంభై ఏళ్ళ కిందట ఎత్తిపొడుపుగా వచ్చింది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యం అన్నారు ఒక పండితులు. పూజ్యం అంటే ఇక్కడ సున్నా. 'గోలకొండ పత్రిక' సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి దీనికి జవాబుగా వ్యాసం రాసి ఊరుకోలేదు. లెక్క తీశారు. 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చయింది. అందులో ఉన్న కవులు 354 మంది.

ఆ మాట ఎందుకంత గుచ్చుకుందో తెలియాలంటే ఇంకొంచెం వెనక్కి వెళ్ళాలి. ఆ రాష్ట్రంలో పరిపాలన ఉర్దూలో, 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువూ ఉర్దూలోనే. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అంటే సొంత నగరంలో తెలుగు మాట్లాడితే నవ్వారు, బయట మీకు కవులే లేరన్నారు. రెండు వైపుల నుంచీ దెబ్బ. 354 అనే అంకెను ఆ రెంటికీ మధ్య పెట్టి చూడాలి.

వృత్తిరీత్యా నేను డేటాతో బతికేవాణ్ణి. ఇవాళ ఇలాంటి పని చేయాలంటే ఒక ఆన్‌లైన్ ఫారం పెట్టి లింకు పంపిస్తాం. ఆయన చేతిలో ఉన్నవి వారానికి రెండుసార్లు వచ్చే పత్రిక, టపా. ఊళ్ళలో ఎవరికీ తెలియకుండా పద్యాలు రాసుకుంటున్న వాళ్ళ దగ్గర్నుంచి పేరు, ఊరు, పద్యం రాబట్టారు. ఆ సంచికలో అన్నీ గొప్ప పద్యాలేమీ కావు. కావలసిన అవసరమూ లేదు. లేరు అన్నప్పుడు ఉన్నారని చూపించడమే ముందు పని. బాగోగుల విచారణ తర్వాత చేసుకోవచ్చు.

అయితే ఏ జాబితాకైనా ఒక గీత ఉంటుంది. సంచిక గీత పద్యం. కథ దాని అవతల ఉంది, బొమ్మ ఇంకా అవతల. వాటిని తర్వాతి వాళ్ళు ఎవరికి వారే వెతుక్కోవాల్సి వచ్చింది. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చేయడమే కాదు, వాటిని మోసుకెళ్ళి మరీ అమ్మారు. పాకాల యశోదారెడ్డి పల్లె ఆడవాళ్ళ నోటి తెలుగును ఉన్నదున్నట్టు కథల్లోకి తెచ్చి 1973లో 'మా ఊరి ముచ్చట్లు' వేశారు. ఆమె భర్త పి.టి. రెడ్డి బొంబాయి జె.జె. స్కూల్లో చదివిన చిత్రకారుడు, ఊరు కరీంనగర్ వైపు అన్నారం. ఒకే ఇంట్లో ఒకరు మాటతో, ఒకరు రంగుతో పనిచేశారు. ఆయన్ని నేను ఒక గ్యాలరీలో, ఆమెను ఒక కథా సంకలనంలో విడివిడిగా తెలుసుకున్నాను. ఇద్దరిదీ ఒకే ఇల్లని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

పాపకు ముందుగా ఇచ్చింది నెల్లూరి కేశవస్వామి కథలు. 'చార్మినార్' అన్న పేరు చూసే తీసుకుంది. హైదరాబాదు ముస్లిం కుటుంబాల లోపలి జీవితాన్ని తెలుగులో అంత దగ్గరగా చూపినవాళ్ళు తక్కువ. 1948లో ఒక కాలం ముగిసిపోయినప్పుడు ఈ నగరం ఎలా అల్లాడిందో 'యుగాంతం' కథలో ఉంటుంది. వారం తర్వాత వచ్చి అడిగింది: "ఈయన మావోళ్ళు కాదు గదా, మా ఇంట్ల మాటలు ఎట్ల తెలిసినయి?" పొరుగున బతికితే తెలుస్తాయి అన్నాను. చెప్పాక అది నాకే తగిలింది. నేనూ ఆ పొరుగునే బతుకుతున్నాను.

ఆ తర్వాత స్కైబాబా సంపాదకత్వంలో 2004లో వచ్చిన ముస్లిం కథల సంకలనం 'వతన్' ఇచ్చాను. దానికి ముందు 1998లో 'జల్‌జలా' అని ముస్లిం కవుల కవిత్వం కూడా ఆయనే తెచ్చారు. చూస్తే ఇది సురవరం చేసిన పనే. మేమూ తెలుగులోనే ఉన్నాం అని చెప్పడం. ఒకప్పుడు ఉర్దూ రాజ్యంలో తెలుగువాళ్ళు చెప్పిన మాటను, తర్వాత తెలుగు సాహిత్యంలో ముస్లింలు చెప్పాల్సి వచ్చింది.

పాప రెండో ప్రశ్న ఇంకా కష్టమైంది. ఒక పాత వారపత్రికలో కథ పక్కన బొమ్మ చూపించి, "ఇది ఎవరు గీసిన్రు?" అంది. పేజీ మీద రచయిత పేరు పెద్దక్షరాల్లో ఉంది. బొమ్మ మూలన చిన్న సంతకం: చంద్ర. వరంగల్ జిల్లా నుంచి వచ్చి కొన్ని దశాబ్దాల పాటు తెలుగు కథలకు, నవలలకు ముఖాలిచ్చిన మనిషి. ఏలె లక్ష్మణ్ కూడా అంతే. ఆయన గీసిన ముఖచిత్రాలు మా అల్మారాలో చాలా ఉన్నాయి. తెలంగాణ రాష్ట్ర చిహ్నం రూపొందించింది ఆయనే అని తెలిసాకే వాటిని తిరగేసి లోపలి పేజీల్లో పేరు వెతికాను.

ఇప్పుడు నా కంప్యూటర్లో ఒక షీటు ఉంది. పుస్తకం, రచయిత, ఊరు, అచ్చైన ఏడాది. పాప అడిగాక ఇంకో నిలువు గడి చేర్చాను: బొమ్మలు. అన్నిటికంటే ఎక్కువ ఖాళీలు అందులోనే. సాయంత్రాలు భూతద్దం పెట్టుకుని మూలల్లో సంతకాలు చదవడం మా ఇద్దరికీ పనైంది. నాకు రెండు సున్నాలుగా కనిపించిన గుర్తును తను ఉర్దూ అక్షరమేమో అని అటు తిప్పి, ఇటు తిప్పి చూస్తోంది. ఇంకా తేలలేదు. ఆ గడిని అలాగే ఖాళీగా ఉంచాం, పూజ్యం అని మాత్రం రాయలేదు.