ప్రత్యేక సంచికలోకి పీడీఎఫ్ సరిగా రాకపోతే ఏం చేయాలి?

ఉగాదికో వార్షికోత్సవానికో మన తెలుగు సంఘాలు వేసే ప్రత్యేక సంచికలకు వ్యాసాలు, ప్రకటనలు, పాత సంచికల పుటలు ఇప్పుడు ఎక్కువగా పీడీఎఫ్ రూపంలోనే వస్తున్నాయి. వాటిని ఇన్‌డిజైన్, పేజ్‌మేకర్, స్క్రైబస్ వంటి పుటల కూర్పు సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చేటప్పుడు ఎదురయ్యే చిక్కులను, వాటికి పరిష్కారాలను ఇక్కడ వరుసగా ఇస్తున్నాము. హోసూరు, బళ్లారి, షోలాపూర్, బరంపురం వంటి ఊళ్లలో డీటీపీ చేసేవారందరికీ తెలుగు చదవడం రాదు. వత్తు జారినా, పేరు మారినా వారు గుర్తుపట్టలేరు. కాబట్టి సంఘం తరఫున సంచిక పని చూసేవారికే ఈ సంగతులు తెలిసి ఉండాలి.

ముందుగా తెలుసుకోవలసింది

పీడీఎఫ్ అంటే పూర్తయిన పుట. ఏ ఆకారం కాగితం మీద ఎక్కడ పడాలో అందులో ఉంటుంది. కూర్పు సాఫ్ట్‌వేర్ దాన్ని ఒక బొమ్మలాగే పుటలో పెడుతుంది కాబట్టి లోపలి మాటలను అక్కడ దిద్దలేము. పూర్తి పుట ప్రకటనకు పీడీఎఫ్ సరిపోతుంది. వ్యాసమైతే యూనికోడ్‌లో టైపు చేసిన వర్డ్ ఫైలు అడగాలి. దానితో పాటు పీడీఎఫ్ కూడా తెప్పించుకుంటే సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

ఫైలు అసలు రాకపోతే

మొదట ఆ ఫైలును మామూలు పీడీఎఫ్ రీడర్‌లో తెరవండి. అక్కడా తెరుచుకోకపోతే డౌన్‌లోడ్ సగంలో ఆగి ఉండవచ్చు. పంపినవారి దగ్గరున్న ఫైలు సైజుతో పోల్చి, మళ్లీ తెప్పించుకోండి. రీడర్‌లో తెరుచుకుని కూర్పులోకి రాకపోతే పాస్‌వర్డ్ రక్షణ ఉందేమో చూడండి. ఉంటే, రక్షణ లేని ప్రతిని పంపినవారినే అడగాలి. తాళం తీసిపెడతామనే వెబ్‌సైట్లలో సభ్యుల చిరునామాలు, ఫోను నంబర్లు ఉన్న ఫైళ్లను ఎక్కించకూడదు.

పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాతి తరహా పీడీఎఫ్‌లను అది తీసుకోకపోవచ్చు. అప్పుడు ఆ పుటను 300 డీపీఐ టిఫ్ బొమ్మగా మార్చి పెట్టుకోవచ్చు. స్క్రైబస్‌లో బొమ్మ పెట్టె ఖాళీగా కనిపిస్తే, ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే తోడు ప్రోగ్రామ్ కంప్యూటర్‌లో ఉందో లేదో చూడాలి.

తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తే

ఇది ఫాంటు లోపం. అను వంటి పాత ఫాంట్లలో తెలుగు ఆకారాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఫాంటును పీడీఎఫ్‌లో పొదగకపోతే, మన కంప్యూటర్ వేరే ఫాంటు వాడి అర్థం లేని గుర్తులు చూపిస్తుంది. అక్రోబాట్ రీడర్‌లో ఫైల్ మెనూలోని ప్రాపర్టీస్‌కు వెళ్లి ఫాంట్స్ పట్టీ చూడండి. ప్రతి ఫాంటు పేరు పక్కన ఎంబెడెడ్ అని ఉండాలి. లేకపోతే, ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లోనే పీడీఎఫ్ మళ్లీ తయారు చేయించాలి. వర్డ్‌లో పీడీఎఫ్‌గా సేవ్ చేసేటప్పుడు ఆప్షన్స్‌లో పీడీఎఫ్/ఏ గడికి టిక్ పెట్టమని చెప్పండి. ఫాంట్లు లోపలే ఉండాలన్నది ఆ ప్రమాణంలోని నియమం.

కాపీ చేసిన మాటల్లో వత్తులు విడిపోతే

పీడీఎఫ్ నుంచి వ్యాసాన్ని కాపీ చేసి అతికించినప్పుడు గుణింతాలు, వత్తులు చెదరడం మామూలే. ఏ ఆకారం ఏ అక్షరానిదో తెలిపే పట్టిక ఫైలులో లేకపోవడమో, అసంపూర్ణంగా ఉండడమో దీనికి కారణం. ముందు ‘రాష్ట్రం’, ‘క్షేత్రం’, ‘శ్రీమతి’ వంటి రెండు మూడు మాటలు కాపీ చేసి చూడండి. అవి చెదిరితే మిగతాదంతా చెదురుతుంది. అసలు ఫైలు దొరకని పాత వ్యాసమైతే గూగుల్ డ్రైవ్‌లోని ఓసీఆర్‌తో గానీ, టెసరాక్ట్‌తో గానీ అక్షరాలు రాబట్టవచ్చు. ఆ తర్వాత ఒకరు మూలం చదువుతుండగా మరొకరు కొత్త ప్రతిని సరిచూడాలి.

యూనికోడ్ మాటలు సరిగానే ఉండి ఇన్‌డిజైన్‌లో మాత్రం వత్తులు విడిపోతే, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ కంపోజర్‌ను ఎంచుకోవాలి. స్క్రైబస్ అయితే 2024లో వచ్చిన 1.6 గానీ, ఆ తర్వాతిది గానీ వాడండి. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు.

ఒక్క పుటే వస్తే, అంచులు తెగితే, మసకగా ఉంటే

ఇన్‌డిజైన్‌లో ప్లేస్ చేసేటప్పుడు షో ఇంపోర్ట్ ఆప్షన్స్‌కు టిక్ పెడితే ఏయే పుటలు కావాలో, ఎంత మేర కావాలో అడుగుతుంది. రంగు కాగితం అంచు దాకా ఉండే ప్రకటనలకు అక్కడ బ్లీడ్ ఎంచుకోవాలి. ప్రకటన తయారు చేసినవారు అన్ని వైపులా 3 మి.మీ. అదనంగా ఇచ్చి ఉండాలి.

తెర మీద మసకగా కనిపించినంత మాత్రాన అచ్చులోనూ అలాగే వస్తుందని కాదు. వ్యూ మెనూలో హై క్వాలిటీ డిస్‌ప్లే పెట్టి చూడండి. అప్పటికీ మసకగానే ఉంటే బొమ్మలోనే నాణ్యత లేదు. ఫొటోలు వాట్సాప్‌లో పంపేవారిని డాక్యుమెంట్ రూపంలో పంపమనండి. ఏ4 నిండా వచ్చే బొమ్మకు 300 డీపీఐ లెక్కన 2480 × 3508 పిక్సెళ్లు కావాలి.

పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా ప్లేస్ చేస్తే, దాన్ని తీసేయగానే లింకు తెగుతుంది. ఫైళ్లన్నీ ముందు ఒకే ఫోల్డరులో పెట్టుకుని, ప్రెస్సుకు ఇచ్చేటప్పుడు ప్యాకేజ్ చేసి ఇవ్వండి.

ప్రెస్సుకు పంపేముందు

ఒక చిన్న రిజిస్టరు పెట్టండి. ఫైలు పేరు, పంపినవారు, అందిన తేదీ, పుటల సంఖ్య, ఫాంట్లు పొదిగారా లేదా, ప్రూఫు చూసినవారి సంతకం అన్న గడులు చాలు. చివరి ప్రూఫును కాగితం మీద తీయించి, తెలుగు బాగా చదవగలిగిన ఇద్దరు చూడాలి. దాతల జాబితా, శ్రద్ధాంజలి పుట మాత్రం అక్షరం అక్షరం సరిచూడాలి. మన ఊళ్లలో చాలామంది పెద్దల పేరు తెలుగులో అచ్చయ్యేది ఈ సంచికలోనే. అది తప్పుగా పడితే, దిద్ది వేయడానికి మరో చోటు ఉండదు.