దూలగొండి నుంచి డోపమైన్ దాకా

నేను ట్రాయ్‌లో కంప్యూటర్ల ఉద్యోగం చేసుకునేవాణ్ణి, వైద్యుణ్ణి కాను. అయినా ఈ కబురు చెప్పడానికి ఒక కారణం ఉంది. పోయిన వేసవిలో మా నాన్నగారు ఇక్కడికి వచ్చారు. వంటగది గుమ్మం దగ్గర ఆయన కాళ్ళు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోయేవి. కాఫీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికేది. "వయసురా, ఏం లేదు" అనేవారు. డాక్టరుగారు పార్కిన్సన్స్ అన్నారు. ఆ రాత్రే దీని చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

కథ మన సర్పగంధతో మొదలవుతుంది. దాని వేరు నుంచి 1952లో రిసెర్పిన్ అనే మందు తీశారు. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ దాన్ని కుందేళ్ళకిచ్చి చూస్తే అవి కదలకుండా పడిపోయాయి. ఎల్-డోపా ఇవ్వగానే లేచి తిరిగాయి. 1960లో వియన్నాలో హార్నికీవిచ్, ఈ జబ్బుతో పోయినవారి మెదళ్ళలో డోపమైన్ బాగా తగ్గిపోయిందని చూపించాడు. 1967లో అమెరికాలో కోట్జియాస్ మోతాదు మెల్లమెల్లగా పెంచుతూ డోపా ఇస్తే రోగులు నడిచారు. కార్ల్‌సన్‌కి 2000లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

మనది కార్ల ఊరు కదా, ఆ భాషలోనే చెబుతాను. మెదడు లోతుల్లో స్ట్రయేటమ్ అనే చోట రెండు రకాల కణాలున్నాయి. ఒక రకం కదలికకు యాక్సిలరేటరు, రెండోది బ్రేకు. డోపమైన్ మొదటిదాన్ని హుషారు చేస్తుంది, రెండోదాన్ని అణుస్తుంది. డోపమైన్ తగ్గితే బ్రేకుదే పైచెయ్యి. నాన్నగారు గుమ్మంలో ఆగిపోవడం మొండితనం కాదని నాకప్పుడు అర్థమైంది.

మరి డోపమైనే ఇవ్వచ్చుగా? అది రక్తంలోంచి మెదడులోకి వెళ్ళలేదు. ఎల్-డోపా వెళ్ళి, అక్కడ డోపమైన్‌గా మారుతుంది. ఇదే ఎల్-డోపాని 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు దూలగొండి గింజల నుంచి వేరుచేశారు. అప్పటికి మన ఆంధ్ర జిల్లాలూ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే.

ఇది చెబితే నాన్నగారు నవ్వారు. "చిన్నప్పుడు ఒకడి చొక్కాలో దూలగొండి వేసి బళ్ళో తన్నులు తిన్నాను. ఇప్పుడదే తినమంటావా?" అన్నారు. వద్దన్నాను. గింజ గింజకీ మందు పాళ్ళు మారతాయి. మాత్రలతో కలిస్తే మోతాదు మించిపోతుంది. డాక్టరుగారిని అడక్కుండా ఆ పొడి జోలికి పోవద్దు.

మాత్రలు జబ్బుని మాన్పవు, కదలికనిస్తాయి. ఇప్పుడు నాన్నగారు చాలా రోజులు ఆగకుండానే గుమ్మం దాటుతున్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళ అడుగులు చిన్నవవుతుంటే వయసని తోసెయ్యకండి. నేను రెండేళ్ళు తోసేశాను. సెలవు.